మూడు రెసిస్టర్లను సమాంతరంగా కలిపాం: లెక్కకు 153 మిల్లీ ఆంపియర్లు రావాలి, మీటరులో 118 మాత్రమే వస్తున్నాయి

కొబ్బరిపీచు_అంబాజీపేట

నేను అంబాజీపేటలో కొబ్బరిపీచు తాళ్ల పని చేయిస్తుంటాను. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. సమాంతర సంధానం పాఠాన్ని చేతులతో చేసి చూడాలని ఆమె పట్టుబట్టడంతో అమలాపురం వెళ్లి తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ ఒకటి, దాని నెత్తిన బిగించే క్యాపు, 100, 220, 470 ఓమ్‌ల రెసిస్టర్లు, పసుపు రంగు చిన్న మల్టీమీటరు కొని తెచ్చాను. చెక్కముక్క మీద రెండు వరుసల్లో ఇత్తడి మరలు బిగించి, మూడు రెసిస్టర్లనూ నిచ్చెన మెట్లలాగా అడ్డంగా పెట్టి, ఒక వరుసకు బ్యాటరీ ఎర్ర తీగను, రెండో వరుసకు నల్ల తీగను కలిపాం.

మొదట నేను మూడింటినీ కూడి 790 ఓమ్‌లు అన్నాను. అలా అయితే సుమారు 11.6 మిల్లీ ఆంపియర్లు రావాలి. అది ఒకదాని తర్వాత ఒకటిగా కలిపే శ్రేణి సంధానం లెక్క అని అమ్మాయి చెప్పింది. ఆమె విలోమాలతో, అంటే 1/100, 1/220, 1/470 కూడి, వచ్చినదాన్ని తిరగేసి, 60 ఓమ్‌లు తేల్చింది. బ్యాటరీ 9.2 వోల్టులు చూపిస్తోంది కాబట్టి 153 మిల్లీ ఆంపియర్లు రావాలని చెప్పింది. మీటరు పెడితే 118 వచ్చింది. నా లెక్క తప్పని ఒప్పుకున్నాను, కానీ ఆమె లెక్క కూడా మీటరుతో కలవలేదు. మిగిలిన 35 మిల్లీ ఆంపియర్లు ఎక్కడికి పోయాయో తేలేదాకా ఆమె రికార్డు పుస్తకంలో ఏమీ రాయనంటోంది.

ఇంకా రెండు విషయాలున్నాయి. నిరోధం చూద్దామని మీటరును ఓమ్‌ల స్థానానికి తిప్పి రెసిస్టర్ల మీద పెడితే అర్థం లేని అంకెలు వస్తున్నాయి. 100 ఓమ్‌ల రెసిస్టరును ముట్టుకుంటే వేలు చురుక్కుమంది, కాలిన వాసన కూడా వచ్చింది.

ఎంపీసీ_కాకినాడ

ఫలిత నిరోధానికి, అంటే అన్నీ కలిసి చూపే నిరోధానికి, సులువైన సూత్రం ఉంది. లబ్ధాన్ని మొత్తంతో భాగిస్తే చాలు. రెండు రెసిస్టర్లకు మేము ఎప్పుడూ అలాగే చేస్తాం. మీ మూడింటికీ అదే పద్ధతిలో చేస్తే 100 × 220 × 470 ÷ 790, అంటే 13,088 వస్తోంది. మీ అమ్మాయి లెక్కలో ఎక్కడో పొరపాటు ఉన్నట్టుంది.

రేడియో_తణుకు

ఎంపీసీ తమ్ముడూ, ఆ సూత్రం రెండింటికే చెల్లుతుంది. మూడు ఓమ్‌లను గుణించి ఒక ఓమ్‌తో భాగిస్తే వచ్చేది ఓమ్ కాదు, ఓమ్ వర్గం. ప్రమాణాలు చూసినా తప్పు తెలిసిపోతుంది. సమాంతరంగా కలిపినప్పుడు ఫలిత నిరోధం అన్నిటికంటే చిన్న రెసిస్టరు కంటే తక్కువగా ఉండి తీరాలి. ఇక్కడ చిన్నది 100, కాబట్టి జవాబు 100 లోపే ఉండాలి. 13,088 అని కనబడగానే కాగితం చింపేసి మళ్లీ మొదలుపెట్టాలి.

రెండేసి చొప్పున చేస్తే మీ సూత్రం పనికొస్తుంది. 100, 220 కలిపితే 22,000 ÷ 320, అంటే 68.75. దానికి 470 కలిపితే 32,312.5 ÷ 538.75, అంటే 59.98. అమ్మాయి చెప్పిన 60 సరైనదే.

నేను పనిలో భిన్నాల జోలికి పోను. బల్ల మీద 10 వోల్టులు ఉన్నాయని ఊహించుకుంటాను. 100 ఓమ్‌ల దారిలో 100 మిల్లీ ఆంపియర్లు, 220 దారిలో 45.45, 470 దారిలో 21.28 పోతాయి. కూడితే 166.73 మిల్లీ ఆంపియర్లు. 10 వోల్టులను దానితో భాగిస్తే అదే 59.98. ఊహించిన వోల్టేజి ఎంతైనా జవాబు మారదు. ముందు దారుల ప్రవాహాలు, తర్వాత వాటి మొత్తం, చివరికి నిరోధం అనే ఈ వరుసలో వెళ్తే, దారులు పెరిగేకొద్దీ నిరోధం ఎందుకు తగ్గుతుందో పిల్లలకు చెప్పకుండానే అర్థమవుతుంది.

ఎంపీసీ_కాకినాడ

పొరపాటు నాదే. మూడింటికీ కలిపి చేయాలంటే కింద మొత్తం రాయకూడదు, జంటల లబ్ధాల మొత్తం రాయాలి. 22,000 + 1,03,400 + 47,000 = 1,72,400. పైనున్న 1,03,40,000ను దీనితో భాగిస్తే 59.98 వచ్చింది.

లంక_పడవ

కరెంటు ఎప్పుడూ నిరోధం తక్కువ ఉన్న దారిలోనే పోతుందని చిన్నప్పుడు చదువుకున్నాం. అలా అయితే 100 ఓమ్‌ల దారిలోనే అంతా పోవాలి. 9.2 వోల్టులకు అది 92 అవుతుంది. 118 అంటే దానికి దగ్గరగానే ఉంది. మిగతా రెండు దారుల్లో కొంచెం కొంచెం కారుతోందేమో అనిపిస్తోంది.

కాలువ_లస్కరు

లంక_పడవ గారూ, మీ ఊరి నీళ్ల సంగతే చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట పైన నిలిచిన ఒకే నీటి మట్టం నుంచి మూడు డెల్టాలకు నీరు పోతుంది. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర తలుపులు ఉన్నాయి. ఒకటి పెద్దదని నీరంతా అందులోనే పోదు. ప్రతి కాలువా తన వెడల్పుకు తగినంత తీసుకుంటుంది. పెద్ద కాలువ ఎక్కువ తీసుకుంటుంది, చిన్నది తక్కువ తీసుకుంటుంది, కానీ ఏదీ ఎండిపోదు. మూడు కాలువల నీటినీ కూడితే పైనుంచి కదిలిన నీరు అవుతుంది. రెసిస్టర్లలోనూ అంతే అనుకుంటున్నాను.

రేవు_మాస్టారు_నరసాపురం

లస్కరు గారి పోలికను నేను తరగతి గదిలో వాడుకుని ఉంటే బాగుండేది. ఒకే పొటెన్షియల్ భేదం (వోల్టేజి) ఉన్నప్పుడు ప్రతి దారిలోనూ దాని నిరోధానికి విలోమంగా ప్రవాహం ఉంటుంది. సంధి దగ్గరికి వచ్చిన ప్రవాహం, అక్కడి నుంచి వెళ్లిన ప్రవాహాల మొత్తం సమానంగా ఉంటాయి. కిర్కాఫ్ 1845లో చెప్పిన మొదటి నియమం ఇదే. నిరోధం తక్కువ ఉన్న దారిలోనే పోతుందనే మాట చాలా ఇళ్లలో వినబడుతుంది. ఆ దారిలో ఎక్కువ పోతుందని అంటే సరిపోతుంది, అందులోనే పోతుందని అనడం తప్పు.

గౌతమి_ఇంజనీరు

కాలువ పోలికను ఇక్కడితో ఆపడం మంచిది. తూములో నుంచి పోయే నీరు మట్టానికి అనులోమంగా పెరగదు, మట్టపు వర్గమూలానికి అనులోమంగా పెరుగుతుంది. మట్టం నాలుగు రెట్లయితే నీరు రెండు రెట్లే అవుతుంది. రెసిస్టరులో వోల్టేజి నాలుగు రెట్లయితే కరెంటు కూడా నాలుగు రెట్లవుతుంది. పంపకం ఎలా జరుగుతుందో చూపడానికి పోలిక పనికొస్తుంది, అంకెలు వేయడానికి పనికిరాదు.

అసలు ప్రశ్నకు వస్తే, రెసిస్టర్ల మీద బంగారు రంగు పట్టీ ఉంటే విలువలో అయిదు శాతం అటూ ఇటూ ఉండవచ్చు. ముందు దాన్ని చూడండి.

చెరువు_ఎలక్ట్రీషియన్_భీమవరం

అయిదు శాతంతో ఈ తేడా తీరదండి. మూడూ ఒకేసారి అయిదు శాతం ఎక్కువగా ఉన్నా 60 కాస్తా 63 అవుతుంది. అప్పుడు 9.2 ÷ 63, అంటే 146 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. 118కి ఇంకా 28 దూరం ఉంది.

రేడియో_తణుకు

ఓమ్‌ల స్థానంలో అర్థం లేని అంకెలు రావడానికి కారణం చెబుతాను. నిరోధం కొలిచేటప్పుడు మీటరు తనలోని బ్యాటరీ నుంచి చిన్న కరెంటును పంపి, దాన్ని బట్టి లెక్క కడుతుంది. మీ తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలించి ఉంటే ఆ లెక్క చెడిపోతుంది. క్యాపు తీసేసి కొలవండి. ముందుగా మీటరు రెండు ముల్లులనూ ఒకదానికొకటి ఆనించి ఎంత వస్తుందో రాసుకోండి. అది తీగల సొంత నిరోధం. వచ్చిన విలువలో నుంచి దాన్ని తీసేయాలి.

ఆ తర్వాత 35 మిల్లీ ఆంపియర్ల సంగతి ఇలా పట్టుకోవచ్చు. మీటరును వోల్టులకు మార్చి నేరుగా బ్యాటరీ కొసల మీద పెట్టండి. రెసిస్టర్లు లేకుండా ఒకసారి, మూడూ తగిలించి ఒకసారి చూడండి. రెండో కొలత అయిదారు సెకన్లలో ముగించండి.

ఒక జాగ్రత్త మరవకండి. ఈ పసుపు మీటర్లలో వోల్టులకూ 200 మిల్లీ ఆంపియర్లకూ ఎర్ర తీగ ఒకే రంధ్రంలో ఉంటుంది. గుండీ ఆంపియర్ల దగ్గరే మరిచిపోయి బ్యాటరీ మీద పెడితే అది సమాంతరంగా పెట్టిన ఒకటిన్నర ఓమ్ తీగతో సమానం. లోపలి ఫ్యూజు పోతుంది. నా దుకాణానికి పాడైపోయిందని తెచ్చే మీటర్లలో ఎక్కువ భాగం ఇలా ఫ్యూజు పోయినవే.

చెరువు_ఎలక్ట్రీషియన్_భీమవరం

ఆ ఫ్యూజు నేనూ పోగొట్టుకున్నాను. రొయ్యల చెరువు దగ్గర జనరేటరు తాలూకు 12 వోల్టుల బ్యాటరీ చూస్తూ, అంతకుముందు రిలే కరెంటు కొలిచిన సంగతి మరిచిపోయి ముల్లులు ఆనించాను. చిన్న చప్పుడు వచ్చి మీటరు చేతిలో చల్లగా ఆగిపోయింది. అదే గోడ మీది 230 వోల్టుల సాకెట్ అయి ఉంటే చేతికే ప్రమాదం వచ్చేది. అమ్మాయి ప్రయోగాలు ఎంత పెద్దవైనా చిన్న బ్యాటరీల దగ్గరే ఉంచండి.

కొబ్బరిపీచు_అంబాజీపేట

మీరందరూ చెప్పినట్టే నిన్న రాత్రి అమ్మాయి, నేను కూర్చుని కొలిచాం.

బ్యాటరీ తీసేసి మూడు రెసిస్టర్లనూ కలిపి కొలిస్తే 60.4 వచ్చింది. ముల్లులు రెండూ ఆనిస్తే 0.4 వచ్చింది. తీసేస్తే కచ్చితంగా 60. రెసిస్టర్లలో తప్పు లేదు.

బ్యాటరీ ఒంటరిగా 9.2 వోల్టులు చూపించింది. మూడూ తగిలించగానే 7.2కి పడిపోయింది. తీయకుండా అలాగే ఉంచితే 7.1, తర్వాత 7.0 అని దిగుతూ వచ్చింది. క్యాపు తీసేస్తే మళ్లీ మెల్లగా పైకి లేచింది. ఆ దిగడం చూసి అమ్మాయి, బ్యాటరీకి కూడా ఆయాసం వస్తుందా నాన్నా అని అడిగింది.

రేవు_మాస్టారు_నరసాపురం

అమ్మాయి సరిగ్గా చూసింది. మీ 35 మిల్లీ ఆంపియర్లు ఎక్కడికీ పోలేదు, అవి అసలు పుట్టనే లేదు. రెసిస్టర్లకు అందుతున్నది 9.2 వోల్టులు కాదు, 7.2 మాత్రమే. 7.2ను 60తో భాగిస్తే 0.120, అంటే 120 మిల్లీ ఆంపియర్లు. మిగిలిన 2 వోల్టులు బ్యాటరీ లోపలే ఖర్చయిపోతున్నాయి. లోపలి రసాయనాల గుండా, కడ్డీల గుండా అదే 120 మిల్లీ ఆంపియర్లు ప్రవహించాలి కదా. 2 ÷ 0.120 = 16.7 ఓమ్‌లు. దీన్నే అంతర నిరోధం అంటారు. బొమ్మలో బ్యాటరీ గుర్తు పక్కనే 16.7 ఓమ్‌ల నాలుగో రెసిస్టరును గీయమనండి. అది మిగతా మూడింటితో సమాంతరంగా కాదు, వాటి మొత్తానికి శ్రేణిలో ఉంటుంది.

జార్జ్ సైమన్ ఓమ్ ఈ సంగతిని తన కొలతల్లోనే లెక్కలోకి తీసుకున్నాడని మా విద్యార్థులకు ప్రతి ఏడాదీ చెప్పేవాణ్ని. రసాయన ఘటాల వోల్టేజి నిలకడగా లేకపోవడంతో ఆయన రాగి, బిస్మత్ లోహాలు కలిపిన ఉష్ణయుగ్మాన్ని (రెండు సంధుల వేడిలో తేడా ఉంటే వోల్టేజి పుట్టించే సాధనాన్ని) వాడి, ఒక సంధిని మరిగే నీటి వేడిలో, రెండోదాన్ని మంచులో ఉంచి ప్రయోగం చేశాడు. 1826లో ఆయన రాసిన సూత్రంలో ప్రవాహం అంటే ఒక స్థిరాంకాన్ని రెండు పదాల మొత్తంతో భాగించడం. ఆ రెండింటిలో ఒకటి పరీక్షించే తీగ పొడవు, రెండోది ఆ తీగ కాకుండా మిగిలిన వలయమంతటిదీ. మన పుస్తకాల్లో ఆ రెండో పదాన్ని వదిలేసి రాసిన రూపమే ముందు కనబడుతుంది. దాన్ని వదిలేయడం చాలా సందర్భాల్లో చెల్లుతుంది, మీ చెక్కముక్క మీద చెల్లలేదు.

ఎంపీసీ_కాకినాడ

మాస్టారు గారూ, 120 అంటున్నారు, మీటరులో వచ్చినవి 118 కదా. ఆ రెండు ఎక్కడివి?

గౌతమి_ఇంజనీరు

మంచి ప్రశ్న. 7.2 వోల్టులు కొలిచినప్పుడు వలయంలో ఆంపియర్ల మీటరు లేదు. 118 కొలిచినప్పుడు ఉంది. మీటరు లోపలి షంటు (కరెంటు కొలవడానికి వాడే చిన్న నిరోధం), ఫ్యూజు, తీగలు కలిపి ఒక ఓమ్ పైచిలుకు ఉంటాయి. 9.2ను 60 + 16.7 + 1.3తో, అంటే 78తో భాగిస్తే 0.118 వస్తుంది. కొలిచే సాధనం కూడా వలయంలో భాగమే.

మాస్టారు గారి మాటకు ఒక సవరణ చేర్చాలి. 16.7 అనేది ఆ బ్యాటరీకి జీవితాంతం ఉండే అంకె కాదు. వాడుతున్నకొద్దీ అది పెరుగుతుంది, చలిలో కూడా పెరుగుతుంది. తగిలించి ఉంచితే వోల్టేజి ఇంకా దిగడం, తీసేస్తే మెల్లగా లేవడం వట్టి నిరోధంతో జరిగే పని కాదు, లోపల రసాయన చర్య వెనకబడడం వల్ల జరుగుతుంది. రికార్డులో కొలిచిన తేదీ, బ్యాటరీ ఎంత పాతదో తప్పకుండా రాయాలి.

కాలువ_లస్కరు

గౌతమి_ఇంజనీరు గారు ఆపమన్న పోలికను ఇంకొక్కసారి తీసుకొస్తున్నాను, మన్నించాలి. దాళ్వాలో, అంటే రబీ వరి పంట కాలంలో, గోదావరికి పైనుంచి వచ్చే నీరు తగ్గినప్పుడు మూడు డెల్టాల తలుపులూ ఒకేసారి పూర్తిగా ఎత్తితే ఆనకట్ట దగ్గర మట్టమే కిందికి దిగుతుంది. అప్పుడు ఏ కాలువకూ రావలసినంత రాదు, అందుకే వంతులవారీ పద్ధతిలో నీరు ఇస్తారు. బ్యాటరీ 9.2 నుంచి 7.2కి దిగడం నాకు అలాగే అర్థమైంది.

గౌతమి_ఇంజనీరు

ఈ పోలిక చక్కగా కుదిరింది. మట్టం స్థిరంగా ఉంటుందనుకోవడమే అందరం చేసిన పొరపాటు.

చెరువు_ఎలక్ట్రీషియన్_భీమవరం

మాకు ఇది రోజూ ఉండే సమస్య. చెరువులో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లన్నీ సమాంతరంగానే ఉంటాయి. ప్యానెల్ దగ్గర 415 వోల్టులు ఉన్నా, పొడవాటి కేబుల్ చివరనున్న రెండు హార్స్‌పవర్ మోటారు దగ్గర మూడు మోటార్లు తిరిగేటప్పుడు 395, ఆరు తిరిగేటప్పుడు 375 చూశాను. ఒక్కో మోటారు చేర్చేకొద్దీ కేబుల్‌లో కరెంటు పెరిగి, అందులో పోయే వోల్టులు పెరుగుతాయి. కొబ్బరిపీచు గారి బ్యాటరీలో ఉన్న 16.7 ఓమ్‌ల పనిని మా దగ్గర కేబుల్ చేస్తోంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు పైకి తేలే వేళకే అన్నీ కలిపి వేయాల్సి వస్తుంది, సరిగ్గా అప్పుడే చివరి మోటారు మూలుగుతుంది.

గౌతమి_ఇంజనీరు

కేబుల్ సంగతి నిజమే. కానీ మోటారును రెసిస్టరుగా అనుకోవద్దని అమ్మాయికి చెప్పాలి. వోల్టేజి తగ్గితే రెసిస్టరు తక్కువ కరెంటు తీసుకుంటుంది. బరువు మోస్తున్న ఇండక్షన్ మోటారు ఎక్కువ తీసుకుంటుంది. అందుకే మీ చివరి మోటారు వేడెక్కుతుంది.

రేడియో_తణుకు

వేలు చురుక్కుమన్న విషయాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నాకు ముందు నుంచీ అదే బెంగ. సన్న రెసిస్టర్లు మామూలుగా పావు వాట్‌వి. వోల్టేజి వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే వేడిగా మారే వాట్లు వస్తాయి. 7.2 × 7.2 ÷ 100 = 0.52 వాట్లు. అంటే మీ 100 ఓమ్‌ల రెసిస్టరు మోయగల దానికి రెండింతలు మోస్తోంది. 220 దగ్గర 0.236, అంచు మీద ఉంది. 470 దగ్గర 0.11 మాత్రమే, దానికి ఇబ్బంది లేదు.

సమాంతర వలయంలో వోల్టేజి అందరికీ ఒకటే కాబట్టి నిరోధం తక్కువ ఉన్నదే ఎక్కువ వేడెక్కుతుంది. శ్రేణిలో ఇది తలకిందులవుతుంది, అక్కడ ఎక్కువ నిరోధం ఉన్నదే ఎక్కువ వేడెక్కుతుంది. ఈ ఒక్క తేడా తెలియక బల్ల మీద ఎన్ని రెసిస్టర్లు నల్లబడ్డాయో నాకు తెలుసు. మీ 100 ఓమ్‌ల దాని ఒంటి మీద రంగు పట్టీలు గోధుమ రంగుకు తిరిగి ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. అలా కాలినవాటి విలువ మెల్లగా మారిపోతుంది.

లంక_పడవ

ఇదే బ్యాటరీ ఇంకొకటి పక్కన సమాంతరంగా పెడితే ఆ 35 తిరిగి వస్తాయా?

రేవు_మాస్టారు_నరసాపురం

కొంత వస్తాయి. రెండు 16.7లు సమాంతరంగా 8.35 అవుతాయి. 9.2ను 68.35తో భాగిస్తే సుమారు 135 మిల్లీ ఆంపియర్లు. పూర్తి 153 రావు. పైగా రెండూ ఒకే రకానివి, ఒకే వయసువి కాకపోతే కొత్తది పాతదానిలోకి కరెంటును తోస్తూ వృథా అవుతుంది. దాని బదులు ఒకటిన్నర వోల్టుల ఆల్కలైన్ పెన్సిల్ సెల్స్ ఆరు వరుసగా హోల్డరులో వేస్తే అదే తొమ్మిది వోల్టులు వస్తాయి. ఒక్కో సెల్ లోపల ఉండేది ఓమ్‌లో చిన్న భాగమే. కాని అప్పుడు 100 ఓమ్‌ల రెసిస్టరు 0.8 వాట్‌కు చేరుతుంది కాబట్టి రేడియో_తణుకు గారు చెప్పినది ముందు సరిచేసుకోవాలి.

అన్నిటికంటే మంచి మార్గం రెసిస్టర్లను పదింతలు చేయడం. 1,000, 2,200, 4,700 పెట్టండి. ఫలిత నిరోధం 600 అవుతుంది. ఆ 600 ముందు 16.7 చాలా చిన్నది. పుస్తకం లెక్కకు 15.3, బ్యాటరీ లోపలిది కలిపితే 14.9. వేడి కూడా ఉండదు.

కొబ్బరిపీచు_అంబాజీపేట

ముందు పాత వలయం మీదే ఒక్కో దారిలో మీటరు పెట్టి కొలిచాం. 100 దారిలో 71.2, 220 దారిలో 32.5, 470 దారిలో 15.3 వచ్చాయి. కూడితే 119. మీటరు దారిలో ఉన్నప్పుడు ఆ ఒక్క దారికే దాని బరువు పడుతుంది, మొత్తం దగ్గర పెడితే అందరికీ పడుతుంది, అందుకే 118కీ 119కీ తేడా అని అమ్మాయి ఎవరూ చెప్పకుండానే అంది. నాకు ఆ మాట అర్థం కావడానికి కాగితం మీద రెండుసార్లు గీసి చూపించాల్సి వచ్చింది.

తర్వాత మాస్టారు గారు చెప్పిన పదింతల రెసిస్టర్లు పెట్టాం. 14.9 వస్తుందనుకుంటే 20 మిల్లీ ఆంపియర్ల స్థానంలో 14.68 వచ్చింది. మళ్లీ తేడా వచ్చిందని కంగారుపడ్డాను.

గౌతమి_ఇంజనీరు

కంగారు అవసరం లేదు. స్థానం మారితే షంటు మారుతుంది. ఈ రకం మీటర్లలో 20 మిల్లీ ఆంపియర్ల స్థానంలో లోపల సుమారు 10 ఓమ్‌లు ఉంటాయి. 600 + 16.7 + 10.3 = 627. 9.2ను దానితో భాగించి చూడండి.

కొబ్బరిపీచు_అంబాజీపేట

14.67 వచ్చింది. అమ్మాయి పుస్తకంలో రెండు వలయాలూ గీసి, రెండింటిలోనూ బ్యాటరీ పక్కన చుక్కల గీతతో 16.7, మీటరు గుర్తు కింద ఒకదానికి 1.3, రెండోదానికి 10.3 రాసింది. పాత 100 ఓమ్‌ల రెసిస్టరు పట్టీలు నిజంగానే గోధుమ రంగుకు తిరిగాయి. ఒక వాట్ రకం కోసం అమలాపురంలో అడిగితే ఆ విలువలో లేదన్నారు, పావు వాట్‌వి మాత్రం గుప్పెడు ఇచ్చారు.

రేడియో_తణుకు

వాటితోనే చేసుకోవచ్చు. నాలుగు 100 ఓమ్‌ల రెసిస్టర్లు తీసుకుని, రెండేసి చొప్పున శ్రేణిలో కలపండి. రెండు 200లు వస్తాయి. ఆ రెండు జతలనూ సమాంతరంగా కలిపితే మళ్లీ 100 ఓమ్‌లే వస్తుంది, కాని 0.52 వాట్ల వేడిని నలుగురూ సమానంగా పంచుకుంటారు. ఒక్కోదానికి 0.13 పడుతుంది.

కొబ్బరిపీచు_అంబాజీపేట

అలాగే నాలుగూ మరలకు చుట్టి పెట్టాం. మీటరు 100.3 చూపించింది, ముల్లుల 0.4 తీసేస్తే 99.9. పాత వలయంలో దీన్ని పెట్టి అర నిమిషం ఉంచాక నాలుగింటినీ వేలితో తాకి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి, వాసన రాలేదు.